బాగున్న చోటు నుంచి మొదలుపెట్టండి

ఊరి పక్క కొండనో, గెడ్డ ఒడ్డునో, గుడి వెనక తోపునో ఆక్రమించిన పిచ్చిమొక్కలను తీసేద్దామని పదిమంది బయల్దేరితే, వాళ్ల కాళ్లు నేరుగా అవి దట్టంగా ఉన్న చోటికే వెళతాయి. లంటానా పొద మనిషెత్తున అల్లుకుని అడుగు పెట్టనివ్వని వాలు, నడుములోతు వయ్యారిభామ తెల్లగా పూసి ఉన్న ఖాళీ స్థలం ముందుగా కంటపడతాయి. కష్టం ఎక్కువున్న చోటే చెమటోడ్చాలని మంచి మనసుకు తోస్తుంది. సాయంత్రానికి అరెకరం బోడిగా కనిపిస్తే తృప్తిగానూ ఉంటుంది. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది దీనికి నేరుగా ఎదురు. అడవి ఇంకా బాగున్న చోట, కలుపు ఇప్పుడిప్పుడే తొంగిచూస్తున్న చోట పని మొదలుపెట్టాలి. అక్కడి నుంచి చెడ్డ వైపుకి నెమ్మదిగా జరగాలి. మళ్లీ మళ్లీ రాగలిగినంత మేరకే పని పెట్టుకోవాలి. వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో ఈ ప్రస్తావన ఎందుకంటే, సొంత లాభం లేని పనికి ఉత్సాహంగా దిగేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. ఆ ఉత్సాహం చల్లారాక కూడా అదే పనికి తిరిగి వెళ్లడం నేర్పే చోట్లు తక్కువ. కలుపు తీసే పని ఆ విద్యను నేర్పినంత గట్టిగా మరేదీ నేర్పదు, ఎందుకంటే తిరిగి రాని మనిషి చేసిన శ్రమను వచ్చే వర్షాకాలమే తుడిచేస్తుంది.

ఈ వాదనను నర్సీపట్నం నేల మీదే నిలబెట్టి చూద్దాం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ఊరు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది, వెనకనున్న కొండలు చాలావరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద గీత మారినా దారులు మారలేదు. చింతపల్లికీ లంబసింగికీ వెళ్లే బస్సులు, లారీలు, చలికాలంలో మంచు చూడ్డానికి వచ్చే కార్లు ఈ ఊరి మీదుగానే కొండ ఎక్కుతాయి. కలుపూ అదే దారి పట్టి ఎక్కుతుంది. వయ్యారిభామ విత్తనం టైరుకు అంటిన బురదలో, రోడ్డు పనికి తెచ్చిన కంకరలో, పశువుల మేత మోపులో ప్రయాణిస్తుంది. రోడ్డు వార మొలుస్తుంది, అక్కడి నుంచి జీడితోటల గట్ల మీదికి, బీడు మీదికి, కొండ మొదట్లోకి పాకుతుంది. పైన ఉన్నది తూర్పు కనుమల ఆకురాల్చే అడవి. నల్లమద్ది, వేగిస, తునికి, మోదుగ, ఉసిరి, కరక్క పెరిగే నేల అది. గిరిజన కుటుంబాలు అడ్డాకులు, కొండచీపుళ్లు, చింతపండు, కుంకుళ్లు ఏరుకునేదీ అక్కడే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇన్నేళ్లుగా కొంటున్నది ఆ సరుకునే. అంటే నర్సీపట్నంలో ఉన్నవాళ్లకు రెండూ దగ్గరే. పూర్తిగా చెడిన బీడు ఊరి చివరే ఉంటుంది, ఇంకా చెడని అడవి అంచు గోలుగొండ వైపో, నాతవరం వైపు తాండవ జలాశయం చుట్టుపక్కలో కొద్ది దూరంలో ఉంటుంది. ఏది ముందు అన్నదే ప్రశ్న.

జవాబు చెప్పాలంటే ఈ మొక్కలు ఎలా గెలుస్తున్నాయో చూడాలి. లంటానా అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చింది. 1800 తర్వాత తొలి పదేళ్లలోనే కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అందమైన పూలమొక్కగా చేరింది. నినాద్ ముంగి, కమర్ ఖురేషీ, వై.వి. ఝాలా 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అది ఇప్పుడు దేశంలో 1,54,000 చదరపు కిలోమీటర్ల అడవిలో వ్యాపించి ఉంది. పులులు తిరిగే ప్రాంతంలో అది 40 శాతానికి పైమాటే. దాని బలమంతా మూడు గుణాల్లో ఉంది. నరికితే మొదలు నుంచి పది కొమ్మలు వేస్తుంది. నల్లటి చిన్న పండ్లను పిగిలిపిట్టలు తిని, వాలిన చెట్టు కిందంతా గింజలు రాలుస్తాయి. పశువులకు దాని ఆకు విషం, తింటే కాలేయం దెబ్బతింటుంది కాబట్టి మేత వల్ల అది తరగదు, పక్కనున్న మంచి గడ్డి తరుగుతుంది. దానికి కావలసిందల్లా వెలుతురు, కదిలిన నేల. వయ్యారిభామకూ అంతే. 1955లో పుణెలో అందరి దృష్టిలో పడిన ఈ మొక్క మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. తవ్వి వదిలేసిన నేల కనిపిస్తే చాలు, ముందుగా వచ్చి కూర్చునేది అదే.

ఇప్పుడు దట్టమైన పొదను ఒక్క రోజులో నరికి శుభ్రం చేసిన చోటును తలచుకోండి. మనం అక్కడ చేసిందేమిటి? నీడను తీసేశాం, నేలను కదిపాం, ఏళ్ల తరబడి పేరుకున్న గింజల మీద వాన పడేలా చేశాం. ఆ గింజల్లో నూటికి తొంభై కలుపువే అయినప్పుడు మొదట లేచేది ఏది? తీసేసిన మొక్కే రెట్టింపై వస్తుంది, లేదా దాని స్థానంలో సీమతులసి వస్తుంది, వయ్యారిభామ వస్తుంది. పక్కన ఆ జాగాను పట్టుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న గడ్డి గానీ పొద గానీ చెట్టు గానీ లేవు. మంచి అడవి అంచున జరిగే కథ వేరు. అక్కడ పది లంటానా మొక్కలు తీస్తే ఖాళీ అయ్యేది పది జానల నేల. చుట్టూ ఉన్న తునికి పిలకలు, మోదుగ వేర్ల నుంచి లేచే కొమ్మలు, గడ్డి దుబ్బులు ఒక్క వానాకాలంలో ఆ జాగాను కప్పేస్తాయి. మన పనిలో సగం అడవే చేసి పెడుతుంది. చిరిగిన బట్టను కుట్టేవాళ్లు గుడ్డ గట్టిగా ఉన్న చోట సూది దించి చిరుగు వైపు కుట్టుకొస్తారు, చిరుగు నడిమధ్య మొదలుపెడితే దారం నిలవదు. ఇక్కడి లెక్కా అదే.

ఇది కేవలం తర్కం కాదు, పరీక్షకు నిలిచిన పద్ధతి. ఆస్ట్రేలియాలో సిడ్నీ పక్కన మోస్మన్ అనే పేట ఉంది. జోన్ బ్రాడ్లీ, ఎలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960ల్లో అక్కడి సముద్రపు ఒడ్డు అడవిలో నడుస్తూ ఒక సంగతి గమనించారు. కలుపును మూకుమ్మడిగా నరికించిన చోటల్లా అది మరింత చిక్కగా తిరిగొస్తోంది. వాళ్లు చేత్తో పీకడం మొదలుపెట్టి క్రమంగా మూడు నియమాలకు వచ్చారు. బాగున్న చోటు నుంచి చెడ్డ చోటు వైపు పని చేయాలి. నేలను వీలైనంత తక్కువ కదపాలి, రాలిన ఆకుల పొరను మళ్లీ కప్పేయాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా లేస్తే అంతే వేగంగా ముందుకు జరగాలి, అంతకు మించి వద్దు. జోన్ చనిపోయాక ఆమె రాసినవి 1988లో పుస్తకంగా వచ్చాయి. ఆ దేశంలో వేలాది స్వచ్ఛంద బృందాలకు అవే తొలి పాఠాలయ్యాయి. మూడో నియమం పాటించడం అన్నిటికంటే కష్టం. మన తొందరను అడవి తీరుకు లోబరచాలి, చేతిలో బలం, చుట్టూ జనం ఉన్నా ఇవాళ్టికి చాలని ఆగాలి. శ్రమదానంలో మనకు ఎవరూ నేర్పని అంశం ఇదే.

మన దేశంలో దీనికి తోడు నిలిచే మరో ప్రయోగం కార్బెట్ పులుల రిజర్వులో జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం అక్కడ లంటానా వేరు తీరును పరిశీలించి 2009లో ఒక పద్ధతిని ప్రచురించింది. పొదను పైన నరికితే చిగురిస్తుంది, వేళ్లతో సహా పెళ్లగిస్తే నేలంతా తిరగబడి గింజలు మొలుస్తాయి. చిగుర్లు వేసే భాగం కాండానికీ వేరుకూ మధ్యనున్న మెడ. కాబట్టి నేలమట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరును తెగ్గొట్టి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టేయాలి. నేల తాకని మొక్క వేరూనలేక ఎండిపోతుంది. కాయ పండకముందే చేయాలి. తర్వాతి సంవత్సరాల్లో పిట్టలు వాలే చెట్ల కింద మొలిచే పిల్ల మొక్కలను ఏరేస్తూ, ఖాళీ అయిన చోట స్థానిక గడ్డిని, చెట్లను నిలబెట్టాలి. ఇందులో యంత్రం లేదు, మందు లేదు. ఒక గునపం, పదునైన గొడ్డలి, ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు. తర్వాతి సంవత్సరాల్లో అన్న మాట దగ్గరే చాలా బృందాలు జారిపోతాయి. మెడ తెగ్గొట్టడం ఒక రోజు పని, ఏరివేత మూడు నాలుగేళ్ల పని.

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తుతాడు. లక్షన్నర చదరపు కిలోమీటర్ల కలుపు ముందు నర్సీపట్నం కాలేజీ కుర్రాళ్లు పదిమంది ఏ పాటి? ఈ ప్రశ్నను శాస్త్రవేత్తలే అడిగారు. ఆస్ట్రేలియా, భారత్, దక్షిణాఫ్రికా దేశాల్లో రెండు వందల ఏళ్ల లంటానా చరిత్రను పరిశీలించి 2012లో షోనిల్ భగవత్, సహ రచయితలు రాసిన వ్యాసం, ఇది ఓడిపోయిన యుద్ధమేనా అని శీర్షికలోనే అడిగింది. ఎంత డబ్బు పోసినా, దాన్ని తినే పురుగులను ఎన్ని వదిలినా, ఎంత నరికినా దాని వ్యాప్తి ఆగలేదని చూపించింది. నేను ఆ నిర్ధారణను ఒప్పుకుంటాను. నిర్మూలించడమే లక్ష్యమైతే పదిమందే కాదు, పదివేల మందీ చాలరు. కానీ ఆ వ్యాసమే దాన్ని రూపుమాపాలనే ఆలోచన వదిలి, ఉన్న పరిస్థితికి తగ్గట్టు ఎక్కడ ఏది కాపాడగలమో చూసుకోమని చెబుతుంది. నా వాదనకు ఇంతకంటే బలమేం కావాలి? దట్టమైన చోట మొదలుపెట్టేవాడు తెలిసో తెలియకో నిర్మూలన కలను మోస్తున్నాడు, అందుకే రెండో ఏడాదికి విరిగిపోతాడు. మంచి అంచును పట్టుకున్నవాడికి లక్ష్యం ఈ గెడ్డ మొదలు, ఈ ఉసిరి తోపు, ఈ వాలు. అవి నిలిచాయో లేదో కళ్లముందే తెలుస్తుంది. దేశంలో లంటానా పెరిగినంత మాత్రాన గెడ్డ ఒడ్డున నిలబెట్టిన రెండెకరాలు అబద్ధమైపోవు. ఆ రెండెకరాలు రేపు చుట్టుపక్కల నేలకు విత్తనం ఇచ్చే చోటవుతాయి.

మరో అభ్యంతరం: ఇది అటవీ శాఖ పని, ప్రభుత్వం దగ్గర జేసీబీలున్నాయి, నిధులున్నాయి, మందులున్నాయి. నిజమే, రిజర్వు అడవిలో వాళ్ల అనుమతి లేకుండా ఆకు కూడా కదపకూడదు. ముందు రేంజి అధికారిని కలిసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే గునపం ఎత్తాలి. కానీ యంత్రం ఏం చేస్తుందో ఆలోచించండి. అది వేరు మెడను వెతకదు. వాలు నేలను తిరగేసిపోతుంది, మొదటి జడివానకు ఆ మట్టి గెడ్డలోకి, గెడ్డ నుంచి చెరువులోకి దిగుతుంది. కాంట్రాక్టు ఆర్థిక సంవత్సరంతో ముగుస్తుంది, గింజకు ఆర్థిక సంవత్సరం తెలియదు. కలుపు మందులు రోడ్డు పక్క కొద్ది మేర ఉపయోగపడవచ్చు. తాగునీటికీ సాగునీటికీ ఆధారమైన గెడ్డల ఒడ్డున వాటిని వాడటానికి నేను ఒప్పుకోను. వయ్యారిభామ మీద ఉప్పునీళ్లు కొట్టమనే సలహా కూడా పొలం గట్టున, తోపులో పనికిరాదు, పక్కనున్న మంచి మొక్కా మాడిపోతుంది. ప్రభుత్వం బాగా చేయగల పని పెద్ద మొత్తంలో మొదటిసారి తొలగించడం. అది చేయలేనిది పదిహేను రోజులకోసారి అదే చోటికి వచ్చి వంగి చూడటం. దక్షిణాఫ్రికా ఇందుకు సాక్ష్యం. నీటిని తాగేసే పరాయి చెట్లను తొలగించడానికి ఆ దేశం 1995లో వర్కింగ్ ఫర్ వాటర్ అనే భారీ కార్యక్రమం మొదలుపెట్టి, వేలాది మంది పేదలకు పని ఇచ్చింది. తర్వాత దాన్ని సమీక్షించిన శాస్త్రవేత్తలు శ్రమ చాలా చోట్లకు పలచగా పరచుకుపోయిందని, ప్రాధాన్యం ఎంచుకుని వెంటపడటం చాలలేదని చెప్పారు. అంత డబ్బున్న కార్యక్రమానికే చోటు ఎంచుకోవడం, తిరిగి రావడం అన్నవి అడ్డొచ్చాయి. చేతిలో డబ్బు లేని బృందం ఆ రెండింటినీ మరచిపోతే దానికి మిగిలేదేమీ లేదు.

మూడో అభ్యంతరాన్ని నేను అన్నిటికంటే గంభీరంగా తీసుకుంటాను. అడవి ఎవరిది, దాన్ని బాగుచేయమని మిమ్మల్ని ఎవరు పిలిచారు? ఈ ప్రాంతంలో ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును, మేతను, కట్టెపుల్లను నేరాలుగా మార్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేయడం వెనకున్న ఆగ్రహంలో ఆ చట్టం పాలు పెద్దది. ఆ కృష్ణదేవిపేట నర్సీపట్నానికి దగ్గర్లోనే, గోలుగొండ మండలంలో ఉంది. బయటివాళ్లు మంచి ఉద్దేశంతోనే వచ్చి అడవి గురించి నిర్ణయాలు చేసిన ప్రతిసారీ నష్టపోయింది అక్కడివాళ్లే. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ గిరిజనుల అనుభవం దీనికి శాస్త్రపు వైపు నుంచి వెలుగునిస్తుంది. అక్కడ 1997లో ప్రతి ఇరవై కాండాల్లో ఒకటి లంటానా అయితే, 2008 నాటికి ప్రతి మూడింటిలో ఒకటైందని పరిశోధకులు లెక్కగట్టారు. ఎందుకు పెరిగిందని సోలిగలను అడిగితే, వేసవికి ముందు రాలిన ఆకును తేలికగా కాల్చే తమ పాత అలవాటును అభయారణ్యం వచ్చాక ఆపించారని, అప్పటి నుంచే ఇది చెలరేగిందని చెప్పారు. ఇది చదివి ఎవరూ అగ్గిపెట్టె పట్టుకుని బయల్దేరకూడదు. ఒకసారి లంటానా దట్టంగా కమ్మిన చోట నిప్పు పెడితే చెట్లు మాడతాయి, అది మాత్రం మళ్లీ చిగురిస్తుంది. నేర్చుకోవలసింది వేరే ఉంది. ఏ వాలు ఎప్పుడు చెడటం మొదలైందో, ఏ గెడ్డ ఒడ్డున ఏ గడ్డి ఉండేదో అక్కడి మేకలకాపరికి, అడ్డాకుల కోసం తిరిగే అమ్మకు తెలిసినంతగా పుస్తకానికి తెలియదు. మంచి అంచు ఎక్కడుందో చూపించగలిగేది వాళ్లే.

కాబట్టి మొదటి నెల పనిముట్లు ముట్టుకోవద్దు. గ్రామసభలో చెప్పండి, అడగండి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కును గ్రామసభలకే ఇచ్చింది. 1992 నుంచి రాష్ట్రంలో ఉన్న వన సంరక్షణ సమితి మీ ఊళ్లో బతికే ఉందేమో కనుక్కోండి, ఉంటే దాని పేరుతోనే పని చేయండి. కూలి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రోజు కూలి మీద బతికే మనిషిని ఆదివారం ఉచితంగా రమ్మనడం సేవ అనిపించుకోదు. దట్టమైన పొదలను తొలగించే బరువు పని రోజుల తరబడి ఉంటే దానికి కూలి ఉండాలి, గ్రామీణ ఉపాధి పనుల్లో పెట్టించడానికి పంచాయతీతో మాట్లాడాలి. ఉద్యోగులు, విద్యార్థులు, పొద్దున నడకకు వెళ్లే పెద్దలు ఉచితంగా ఇవ్వగలిగింది వెంట కాయడం, పిల్ల మొక్కలు ఏరడం, లెక్క రాయడం. అది చిన్న పనిగా కనిపించవచ్చు, ఫలితాన్ని నిలబెట్టేది మాత్రం అదే.

ఈ మొక్కలనే నమ్ముకుని బతుకుతున్నవాళ్లు లేరా, వాటి మీద వాలే పిట్టలు, సీతాకోకచిలుకలు లేవా అన్న మాటా వస్తుంది. ఉన్నారు, ఉన్నాయి. సర్కారు తుమ్మ బొగ్గు, లంటానా కట్టె, కంచెకు వేసే కంప ఎన్నో ఇళ్లకు ఆసరా. తమిళనాడులో గూడలూరు పరిసర గిరిజన కళాకారులు లంటానా కొమ్మలతో నిలువెత్తు ఏనుగుల బొమ్మలు అల్లారు, 2021లో అవి లండన్ పార్కుల్లో నిలిచాయి. ఆ పనిని నేను మనస్ఫూర్తిగా ఇష్టపడతాను. ఒక్క షరతు మాత్రం ఉంది: దట్టమైన చోటి నుంచి ముడిసరుకు తీసుకోవాలే గానీ, సరుకు కోసం పొదను మళ్లీ పెరగనివ్వకూడదు. ఇక్కడ కూడా బాగున్న అంచు నుంచి మొదలుపెట్టే పద్ధతి ఎవరి పొట్టా కొట్టదు, ఎందుకంటే దట్టమైన పొదలు చాలాకాలం అలాగే ఉంటాయి. పిట్టల గూళ్లకూ అదే భద్రత. ఒక్కసారిగా మొత్తం నరికితేనే అవి దిక్కులేనివవుతాయి. ఇక పరాయి మొక్క కాబట్టి పగపడుతున్నామా అంటే, కానే కాదు. నర్సీపట్నం చుట్టూ విస్తరించిన జీడిమామిడి బ్రెజిల్‌ది, మన కూరల్లో మిరపకాయ అమెరికా ఖండానిది, చింతపల్లి కాఫీ ఆఫ్రికాది. దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. 2023లో జీవవైవిధ్యంపై అంతర్జాతీయ నివేదిక ఒకటి వెలువడింది. ప్రపంచమంతటా మనుషులు చేరవేసిన పరాయి జీవజాతులు 37,000కు పైగా ఉంటే, హాని చేస్తున్నట్టు రుజువున్నవి 3,500 పైచిలుకు అని అది లెక్క చెప్పింది. పదింట ఒకటి మాత్రమే. పుట్టిన దేశాన్ని బట్టి కాక, పక్కవాటిని బతకనిస్తుందా లేదా అన్నదాన్ని బట్టే ఏ మొక్కనైనా తీయాలి.

పని ఎలా నడపాలన్నది ఇప్పుడు చూద్దాం. చోటును ఎంచుకునేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ స్థానిక మొక్కలు తమంతట తాము మొలుస్తున్నాయా? గెడ్డకో, తోపుకో, గిరిజనులు ఏరుకునే చెట్లకో ఇది ఆనుకుని ఉందా? ఆరుగురు రెండు గంటల్లో మొత్తం తిరిగి చూడగలరా? మూడింటికీ అవునని వస్తే పావు ఎకరమైనా చాలు. ఎక్కువ తీసుకోవాలన్న ఆశను అణచుకోండి. తుఫానుకు చెట్లు పడి వెలుతురు పడుతున్న జాగాలను తప్పకుండా చేర్చుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ జిల్లాల అడవుల్లో ఎన్ని చెట్లను కూల్చిందో తెలిసినవాళ్లకు, అలాంటి ఖాళీలే కలుపుకు తలుపులని చెప్పనక్కర్లేదు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నేల మెత్తబడగానే వయ్యారిభామను పూతకు ముందే వేరుతో పీకాలి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ ప్రోత్సాహంతో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా వయ్యారిభామ వారం జరుగుతుంది. అవగాహనకు అది మంచిదే. కానీ మన దగ్గర జూన్ వానకు మొలిచినవి అప్పటికే పూసి గింజ కడుతుంటాయి, కాబట్టి ఆ వారం కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. పూతకు రాని మొక్కను కంపోస్టు గోతిలో వేయవచ్చు, పూసినదాన్ని వేయకూడదు. ఆకులను జల్లెడలా తినేస్తున్న చారల పెంకుపురుగులు కనిపిస్తే ఆ మొక్కలను వదిలేయండి. అవి 1983లో మెక్సికో నుంచి తెప్పించి, మరుసటి ఏడు బెంగళూరు దగ్గర వదిలిన నేస్తాల సంతతి, వానాకాలంలో మన పనే చేస్తాయి. పీకిన చోట తగిరిస గింజలు చల్లితే అది వయ్యారిభామను ఎదగనివ్వదు.

ఒంటి జాగ్రత్త విషయంలో మొహమాటం వద్దు. వయ్యారిభామ చాలామందికి చర్మం మీద దద్దుర్లు, పుప్పొడి వల్ల ఆయాసం తెస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు లెక్క రాసే పని ఇవ్వండి, మిగతావాళ్లు చేతులకు తొడుగులు, నిండు చొక్కా, ముక్కుకు గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి, పాములు, కందిరీగలు అక్కడే ఉంటాయి. గూడు కనిపిస్తే ఆ పొదను ఆ విడతకు వదిలేయాలి. వాలు మీద ఒకేసారి పట్టీలా తీయకుండా అక్కడక్కడా తీయాలి, ఎండిన కంపను వాలుకు అడ్డంగా పరిస్తే మట్టి ఆగుతుంది.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన ఎవరు వచ్చారు, ఏ మొక్క ఎన్ని పిల్లలు తీశారు, ఏ స్థానిక మొక్క కొత్తగా లేచింది అన్నవి చాలు. పిల్ల మొక్కల సంఖ్య వరసగా రెండు వానాకాలాలు తగ్గితేనే పక్క పావు ఎకరంలోకి జరగండి. తగ్గకపోతే జరగొద్దు, ఎంత ఒత్తిడి వచ్చినా, ఎంతమంది కొత్తవాళ్లు చేరినా సరే. కొత్తగా వచ్చినవాళ్లను పాత చోటికే రెండోసారి పంపండి. కార్తీకంలో వనభోజనానికి ఎలాగూ ఉసిరి చెట్టు వెతుక్కుంటూ వెళతారు కదా, మీరు కాపాడుతున్న చెట్టు కిందే కూర్చుని, భోజనానికి ముందు ఒక గంట ఆ చుట్టూ మొలిచిన లంటానా పిల్లలను ఏరండి. నైరుతి వానల తర్వాత మొలిచినవన్నీ అప్పటికి చేతికందే ఎత్తులో ఉంటాయి. పరీక్షలప్పుడు విద్యార్థులు, బదిలీలప్పుడు ఉద్యోగులు తప్పుకుంటారు, అది సహజం. అందుకే ఆ పుస్తకం ఒక ప్రతి పంచాయతీలోనో, వన సంరక్షణ సమితి అధ్యక్షుడి ఇంట్లోనో ఉండాలి. వచ్చే మృగశిరకు ఎవరొచ్చినా ముందు ఏ చెట్టు కింద వెతకాలో అందులో రాసి ఉండాలి.